మెకానికల్ డిగ్రీ ఖరీదును నెల జీతాల్లో కొలవండి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువుల పేజీలో ఈమధ్య మెకానికల్ ఇంజనీరింగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. నాలుగేళ్ల ఫీజు ఒక పక్క, క్యాంపస్‌లో ఎవరికో వచ్చిన పెద్ద ప్యాకేజీ ఇంకో పక్క వేసి, పెట్టిన డబ్బు రెండేళ్లలో వెనక్కి వస్తుందని తేల్చేశారు. అదే పేజీలో కింద ఇంకో పెట్టె కట్టి, మెకానికల్‌కి రోజులు చెల్లిపోయాయని రాశారు. ఈ రెండూ ఒకేసారి చదివిన తల్లిదండ్రులకు టెన్షన్ తప్ప ఇంకేం మిగులుతుంది? రెండూ లెక్క చేయకుండా అన్న మాటలే. కూర్చుని లెక్క చేస్తే ఈ డిగ్రీ కొందరికి మంచి బేరం, కొందరికి నష్టం, చాలామందికి ఆలస్యంగా ఫలించే బేరం. ఎవరికి ఏదవుతుందో ముందే చాలావరకు చెప్పొచ్చు కూడా. ఉత్తరం పొడుగైంది. కత్తిరించాల్సి వస్తే నా సొంత గోల కత్తిరించండి, లెక్కలు మాత్రం ఉంచండి.

నేను మెకానికల్ చదివి, ప్రెషర్ వెసెల్స్ డిజైన్ చేసే పనిలోనే ఉండిపోయినదాన్ని. లోపల ఒత్తిడితో గాలో, ఆవిరో, రసాయనమో నిలవ ఉండే ఉక్కు పాత్రలు అవి. రిఫైనరీల్లో, ఎరువుల ఫ్యాక్టరీల్లో నిలువుగానో అడ్డంగానో కనిపించే పెద్ద పెద్ద గొట్టాల్లాంటివి చాలావరకు ఇవే. ఇప్పుడు నా పని ఎక్కువగా జూనియర్ల డ్రాయింగులు చెక్ చేయడం, కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ఇంటర్వ్యూల్లో కూర్చోవడం. అంటే ఈ డిగ్రీని ఒకప్పుడు డబ్బు పెట్టి కొనుక్కున్నాను, ఇప్పుడు ఆ డిగ్రీ ఉన్నవాళ్లకు జీతం ఎంతివ్వాలో చెప్పే వైపు కూర్చున్నాను. రెండు వైపులా చూశాక, బయట జరిగే చర్చలో అసలు ప్రశ్నలే రావడం లేదనిపిస్తోంది.

మా అక్క కొడుకు పైచదువు ఎంచుకునే వయసుకొచ్చాడు. ‘పిన్నీ, మెకానికల్ తీసుకుంటే వర్కవుట్ అవుతుందా?’ అని అడిగాడు. వాడు చిన్నప్పటి నుంచి ఏ వస్తువునూ తిన్నగా ఉండనివ్వడు, విప్పి చూడాల్సిందే. బావగారు మధ్యలో అందుకుని, ‘ఫీజు సంగతి నేను చూసుకుంటానమ్మా, చివర్లో ప్యాకేజీ ఎంతొస్తుందో అది చెప్పు చాలు’ అన్నారు. నేను కాగితం తీసుకుని, ఈ పూట డబ్బు మాట ఎత్తొద్దు, అంతా నెలల్లో మాట్లాడుకుందాం అన్నాను. డిగ్రీ చేతికొచ్చాక దొరికే మామూలు ఉద్యోగంలో, కోతలన్నీ పోను చేతికొచ్చే ఒక నెల జీతం మన కొలబద్ద. ఫీజయినా, అప్పయినా, పోగొట్టుకున్న సంపాదనయినా అన్నీ ఆ కొలతలోనే. ఏ దేశమైనా, ఏ కాలేజీ అయినా ఈ కొలత పనిచేస్తుంది. పెద్ద సంఖ్యలు చూసి బెదిరిపోయేది, మురిసిపోయేది కూడా తప్పుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఊహించుకున్న లెక్కే, ఎవరి అంకెలు వాళ్లు వేసుకోవాలి. నాలుగేళ్ల ఫీజు, పుస్తకాలు, హాస్టల్‌కి ఇంటి ఖర్చు కంటే ఎక్కువయ్యే తేడా కలిపి 30 నెలల జీతం అనుకుందాం. తిండి, బట్టలు చదివినా చదవకపోయినా ఖర్చే, వాటిని ఈ చిట్టాలో రాయకూడదు. చాలామంది అవి కూడా రాసి అనవసరంగా గుండెలు బాదుకుంటారు. రాయాల్సింది మాత్రం రాయరు. ఏమిటది? చదువుకునే 48 నెలల్లో సంపాదించి ఉండగలిగిన డబ్బు. డిగ్రీ లేకుండా ఏదో ఒక పనిలో చేరితే మన కొలబద్దలో సగం జీతం వచ్చేదనుకోండి, నాలుగేళ్లకు 24 నెలలు. ఫీజు రసీదు ఉంటుంది కాబట్టి కనిపిస్తుంది, ఈ 24 నెలలకు రసీదు ఉండదు. రెండూ కలిపితే డిగ్రీ అసలు ఖరీదు 54 నెలలు. బావగారు ఇక్కడే కళ్లజోడు సర్దుకుని కాగితం తన వైపు తిప్పుకున్నారు.

ఇక రాబడి. డిగ్రీ చేసినవాడికి నెలకు 1 వస్తే, నాలుగేళ్ల ముందే పనిలో చేరినవాడు ఈపాటికి 0.65కి చేరి ఉంటాడు. డిగ్రీ తెచ్చే లాభం ఆ 1 మొత్తం కాదు, మధ్యలో ఉన్న 0.35 మాత్రమే. ఈ తేడా ఎప్పటికీ ఇంతే ఉంటే 54 నెలల ఖర్చు తీరడానికి 154 నెలలు, అంటే దాదాపు 13 ఏళ్లు పడుతుంది. ‘రెండేళ్లలో వెనక్కి’ అన్న మీ వ్యాసం ఎక్కడ, ఈ 13 ఏళ్లెక్కడ? వడ్డీ ఇంకా కలపనే లేదు.

అయితే తేడా ఎప్పుడూ అలాగే ఉండదు. అదే 0.35 ఏటా 0.10 చొప్పున పెరుగుతూ పోతే, మొదటి ఏడు 0.35, రెండో ఏడు 0.45, మూడో ఏడు 0.55... ఇలా వెళితే ఆ 54 నెలలూ ఏడేళ్లలో తీరిపోతాయి. మొదటి జీతం మారలేదు, ఫీజు మారలేదు, జీతం పెరిగే వేగం మారిందంతే. 13 ఏళ్లు ఏడేళ్లయింది. మావాడికి నేను చెప్పదలుచుకున్నదంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది. మెకానికల్‌లో చేరేటప్పటి జీతం చూసి మొహం మాడ్చుకునేవాళ్లు, పెద్ద ప్యాకేజీ చూసి ఎగిరి గంతేసేవాళ్లు ఇద్దరూ మొదటి ఏడాదినే చూస్తున్నారు. ఈ చదువులో లెక్క తేలేది మూడో ఏడాదికో, ఐదో ఏడాదికో.

అప్పు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది బ్యాంకులో ఎవరైనా వేసి చూపించగలిగిన లెక్కే. 10 శాతం వడ్డీకి 100 అప్పు, ఏటా మొదట్లో 25 చొప్పున నాలుగేళ్లు తీసుకుని, వడ్డీ అసలులో కలుస్తూ పోతే చదువైపోయే నాటికి 127 దాటుతుంది. దాన్ని పదేళ్ల నెలవారీ వాయిదాల్లో తీరిస్తే మొత్తం కట్టేది సుమారు 202. అదే చదువుకునే రోజుల్లోనే ఏటికేడు వడ్డీ కట్టేసుకుంటూ పోతే 184 దగ్గర ఆగుతుంది. అప్పు చేసి చదివించే ఇల్లయితే ఫీజును ఫీజులా చూడకూడదు, దానికి రెట్టింపుగా చూడాలి. అలాగే అప్పు షరతులను బట్టి కూడా రిస్కు ఎవరి నెత్తిన పడుతుందో మారిపోతుంది. ఇంగ్లండ్‌లో 2023 ఆగస్టు నుంచి చేరిన విద్యార్థుల ప్రభుత్వ రుణానికి, ఏడాది ఆదాయం 25,000 పౌండ్లు దాటితే ఆ దాటిన దానిలో 9 శాతం కడతారు, 40 ఏళ్లకు మిగిలింది మాఫీ. ఉద్యోగం పోతే వాయిదా కూడా ఆగుతుంది. మామూలు బ్యాంకు అప్పుకి ఆ దయ ఉండదు. జీతం వచ్చినా రాకపోయినా తేదీ మాత్రం వస్తుంది. ఇవి రెండూ ఒకే అప్పు అన్నట్టు మాట్లాడటం సరికాదు.

ఇప్పుడు కాలేజీలు చెప్పే జీతాల సంగతి. ప్రకటనల్లో ఉండేవి రెండే అంకెలు, హైయెస్ట్, యావరేజ్. హైయెస్ట్ ఒక్కరిది, మిగతావాళ్లకు దానితో పనిలేదు. యావరేజ్ చూడటానికి నిజాయితీగా ఉంటుంది గానీ అది కూడా తప్పుదారి పట్టిస్తుంది. క్లాసులో 60 మంది, ఉద్యోగాలొచ్చింది 30 మందికి అనుకోండి. అందులో 29 మందికి తలా 4, ఒక్కడికి 40. సగటు 5.2. ఆ 5.2 జీతం క్లాసులో ఒక్కరికీ రాలేదు! ఉద్యోగం రాని 30 మంది ఆ సగటులో అసలు లెక్కకే రారు. కాబట్టి అడగాల్సింది మధ్యలో ఉన్నవాడి జీతం. మొత్తం క్లాసుని, ఉద్యోగం రానివాళ్లతో సహా, జీతం వరసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్న పిల్లవాడికి ఎంతొచ్చింది? పై ఉదాహరణలో ఆ పిల్లవాడు 4కీ సున్నాకీ మధ్య గీత మీద నిలబడి ఉంటాడు.

ఈ తేడాలు చిన్న కాలేజీలకే పరిమితం కాదు. అమెరికా కార్మిక గణాంకాల బ్యూరో 2024 మే లెక్కల ప్రకారం ఆ దేశంలో మెకానికల్ ఇంజనీర్ల మధ్యస్థ వార్షిక జీతం, అంటే పైన చెప్పినట్టు వరసలో నడుమ ఉన్న మనిషి జీతం, 1,02,320 డాలర్లు. అన్ని వయసులవాళ్లూ కలిసిన లెక్క అది. పై పది శాతం మంది జీతం, కింది పది శాతం మంది జీతానికి రెట్టింపు పైమాటే. ఒకే దేశం, ఒకే వృత్తి పేరు. ‘మెకానికల్‌కి ఎంతొస్తుంది’ అని ఒకే అంకె అడిగేవాళ్లకు నా జవాబు ఇదే, ఏ మెకానికల్‌కి?

జీతం పెరిగే వేగం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలిసిన పనితోనే చెబుతాను, తెలియనివి ఎందుకు. ప్రెషర్ వెసెల్ గోడ ఎంత మందం ఉండాలో తేల్చడానికి అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సొసైటీ కోడ్‌లో, అంటే నియమాల పుస్తకంలో, ఒక సూత్రం ఉంది. ఒత్తిడిని లోపలి వ్యాసార్థంతో గుణించి, ఉక్కుకి అనుమతించిన స్ట్రెస్‌ని (ఉక్కు మీద ఎంత లాగుడు పడనివ్వొచ్చో ఆ హద్దుని) వెల్డు జాయింట్ ఎఫిషియెన్సీతో గుణించి, అందులోంచి ఒత్తిడిలో 0.6 వంతు తీసేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. పుస్తకం చూసి ఎవరైనా చేస్తారు. ఆ సూత్రంలో బతుకంతా ‘ఈ’ (E) అనే ఒక్క ఇంగ్లీషు అక్షరంలో ఉంది, అదే జాయింట్ ఎఫిషియెన్సీ, అంటే అతుకు పెట్టిన చోటుని అతుకు లేని ఉక్కుతో పోలిస్తే ఎంత బలమైనదిగా లెక్కలో వేసుకోవచ్చో. రెండు వైపులా చేసిన బట్ వెల్డుని (రేకుల అంచులు ఎదురెదురుగా పెట్టి అతికిన అతుకుని) పూర్తిగా ఎక్స్‌రే, అంటే రేడియోగ్రఫీ, తీస్తే 1 వేసుకోవచ్చు. అక్కడక్కడ తీస్తే 0.85. అసలు తీయకపోతే 0.70. మీటరు వ్యాసార్థం, ఒక మెగాపాస్కల్ ఒత్తిడి, 138 మెగాపాస్కళ్ల స్ట్రెస్ అనుకుని వేయండి. ఎక్స్‌రే లేకుండా 10.4 మిల్లీమీటర్ల గోడ కావాలి. పూర్తి ఎక్స్‌రేతో 7.3 చాలు. తుప్పుకి అదనంగా వదిలే మందం రెండింటికీ ఒకటే కాబట్టి అది పక్కన పెడదాం. ఉక్కు 30 శాతం ఆదా అయింది. వెల్డింగ్ తగ్గింది, బరువు తగ్గింది, కింద ఫౌండేషన్ ఖర్చు తగ్గింది. దానికి బదులు ఎక్స్‌రే ఖర్చు, దానికి పట్టే టైము పెరిగాయి. ఏది లాభం? పాత్ర చిన్నదైతే ఒక జవాబు, పెద్దదైతే ఇంకో జవాబు.

ఇంటర్వ్యూల్లో నేను ఈ ప్రశ్నే అడుగుతాను. చాలామంది సూత్రం అప్పజెప్పేసి, ‘ఈ’ అంటే ఎఫిషియెన్సీ మేడమ్ అని ఆగిపోతారు. దేని ఎఫిషియెన్సీ అంటే మౌనం. మంచి మార్కులే ఉంటాయి వాళ్లకు. ఆమధ్య ఒకమ్మాయి మాత్రం పెన్ను కూడా తీయకుండా, ‘మేడమ్, రేడియోగ్రఫీ ఫుల్లా, స్పాటా? ముందు అది చెప్పండి’ అంది. వాళ్ల కాలేజీ పెద్ద పేరున్నదేం కాదు. సెలవుల్లో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేసిందట, ఫిల్ములు కాంతికి ఎదురుపెట్టి వెల్డులో గాలిబుడగలు వెతకడం అక్కడ చూసిందట. ఆమెను తీసుకున్నాం. మొదటి జీతం మిగతావాళ్లతో సమానమే, ఆ విషయంలో కంపెనీలు కదలవు. కానీ రెండో ఏడాదికే సొంతంగా లెక్కలు చేసి పంపుతోంది. ఆమెకు ఏటా 0.10 కంటే ఎక్కువే పెరుగుతుంది, నేను రాసిస్తాను.

మార్కెట్లో ధర పలికేది ఇలాంటి నిర్ణయానికి, దాని కింద పెట్టే సంతకానికి. 1905లో అమెరికాలోని బ్రాక్టన్ అనే ఊళ్లో ఒక బూట్ల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. బాయిలర్లు ఎలా కట్టాలో చెప్పే నియమాలు ఆ రాష్ట్రంలోనూ, ఆ తర్వాత దేశమంతటా పుట్టుకు రావడానికి అలాంటి ప్రమాదాలే కారణం. నేను రోజూ తిరగేసే కోడ్ ఆ వంశంలోదే. పాత్ర కట్టగలిగే పనివాళ్లు చాలామంది ఉంటారు, చేయి తిరిగిన వెల్డర్ నాకంటే బాగా ఉక్కుని ఎరుగును. కానీ ఇది పేలదని లెక్కతో చూపించి బాధ్యత తీసుకునే మనిషి ఒకరు కావాలి. డిగ్రీ కొనిపెట్టేది ఆ చోటికి వెళ్లే అర్హత. వెళ్లడం మాత్రం నాలుగేళ్లలో ఏం నేర్చుకున్నామన్న దాన్ని బట్టి. ఈ బాధ్యత జోలికే పోని పనిలో జీవితమంతా ఉండేట్టయితే, డిగ్రీ ఖరీదు తీరడం కష్టం. ఆ పనికి డిప్లొమా చాలు.

డిప్లొమా అన్నాను కాబట్టి ఒక మాట. ముందు డిప్లొమా చేసి, పనిలో చేరి, ఆ తర్వాత డిగ్రీ పూర్తి చేసేవాళ్లను చిన్నచూపు చూస్తారు మనవాళ్లు. నెలల లెక్కలో వాళ్లే తెలివైనవాళ్లు. పోగొట్టుకున్న సంపాదన చాలావరకు తగ్గిపోతుంది, డ్రాయింగ్ చదవడం, కొలతలు పట్టడం ముందే వచ్చేస్తాయి. జర్మనీలో డ్యూయల్ పద్ధతి అని ఒకటుంది. కొన్నాళ్లు కంపెనీలో, కొన్నాళ్లు క్లాసులో, కంపెనీ నుంచి జీతం వస్తూనే డిగ్రీ. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు కూడా లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టరుకి 1,500 యూరోలు తీసుకుంటోంది. ఫీజు లేకపోయినా అక్కడ బతకడానికి ఖర్చవుతుంది, భాష నేర్చుకోవడానికి నెలలు పడతాయి, అవి కూడా చిట్టాలో రాయాల్సిందే. విదేశాల్లో పనిచేసే ఉద్దేశం ఉన్నవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఇంజనీరింగ్ డిగ్రీలను ఒక దేశంవాళ్లవి ఇంకో దేశం గుర్తించడానికి 1989లో ఆరు దేశాలతో మొదలైన వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం ఉంది. కాలేజీకి పేరుండటం వేరు, ఆ కోర్సుకి ఆ ఒప్పందం కింద చెల్లే గుర్తింపు ఉండటం వేరు. చేరకముందే కనుక్కోవాలి.

అదృష్టం పాత్ర కూడా దాచకుండా చెప్పాలి కదా. మెకానికల్ ఉద్యోగాలు కొత్త ప్లాంట్లు, కొత్త యంత్రాలు ఎవరో ఆర్డరిస్తేనే పుడతాయి. పెట్టుబడులు ఆగితే ముందు ఆగేది మా పనే. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడిచమురు ఫ్యూచర్స్ (తర్వాత సరుకు అందించే ముందస్తు ఒప్పందాల) ధర సున్నా కిందికి పోయింది. ఆ నెలల్లో మా ఆఫీసులో డ్రాయింగ్ బోర్డుల మీదున్న ప్రాజెక్టులు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఆ ఏడు డిగ్రీ పట్టా పుచ్చుకున్న పిల్లలు చేసిన పాపమేముంది? కెనడా పట్టభద్రుల మీద ఫిలిప్ ఒరియోపౌలోస్, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు 2012లో ప్రచురించిన పరిశోధన ఇలాంటివాళ్ల గురించే. మాంద్యంలో బయటికొచ్చినవాళ్లకు మొదట్లో సుమారు 9 శాతం సంపాదన తగ్గింది, ఆ లోటు పూడడానికి పదేళ్ల దాకా పట్టింది. పూడిందెలా అంటే చాలావరకు మెరుగైన కంపెనీలకు మారడం వల్ల. దొరికిన మొదటి కుర్చీలోనే విశ్వాసంగా కూర్చోమని పెద్దలు చెబుతుంటారు, ఆ సలహా ఇలాంటి ఏడాదిలో చేరినవాళ్లకు అసలు పనికిరాదు. ఉద్యోగం దొరకడం ఒక ఏడాది ఆలస్యమైతే నా ఉదాహరణలో, నెలకు ఆ 0.65 చొప్పున పోయినట్టే కాబట్టి, ఖరీదు మరో 8 నెలలు పెరుగుతుంది. కాబట్టి ఆ కాస్త గాలి ఆడే చోటు బడ్జెట్‌లో ముందే ఉంచుకోవాలి. చేతినుంచి పెట్టే ఆ 30 నెలలూ అప్పుతోనే నింపేస్తే ఆ చోటు ఉండదు.

ఇక సాఫ్ట్‌వేర్. మెకానికల్ చదివి చివరికి అందరూ అక్కడికే కదా అంటారు. వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు, తప్పేమీ లేదు. కానీ అక్కడ వచ్చే జీతాన్ని మెకానికల్ డిగ్రీ ఖాతాలో జమ వేయకండి. ఆ జీతం తెచ్చింది ఆఖరి ఏడాదిలో నేర్చుకున్న కోడింగ్. మొదటినుంచీ అటే మనసున్న పిల్లవాడిని సీటు దొరికిందని మెకానికల్‌లో వేయడం, థర్మోడైనమిక్స్ పరీక్షలు రాయించడం, బ్యాక్‌లాగులు మోయించడం డబ్బు దండగ కంటే ఎక్కువ. మధ్యలో మానేస్తే ఇంకా ఘోరం, ఖర్చంతా ఖర్చులోనే ఉంటుంది, రాబడి వైపు సున్నా.

పోనీ సాఫ్ట్‌వేరైనా, డిజైన్ సాఫ్ట్‌వేర్ల మీద పనిచేసే మెకానికల్లయినా, నేర్చుకున్న పనిముట్టు పాతబడే జబ్బు అందరికీ ఉంది. డేవిడ్ డెమింగ్, కదీమ్ నోరే అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2020లో చూపించింది ఇదే. ఇంజనీరింగ్, కంప్యూటర్ చదువులకు ఉద్యోగంలో చేరేటప్పుడు మిగతా చదువుల కంటే చాలా ఎక్కువ జీతం వస్తుంది, తర్వాత ఆ ఆధిక్యం వేగంగా కరిగిపోతుంది, కారణం పని అడిగే నైపుణ్యాలు మారిపోతుండటం. దీన్ని చదివి నేను రెండు రకాలుగా ఆలోచించాను. ఒకటి, మొదటి జీతం చూసి లెక్కేస్తే డిగ్రీ విలువ ఎక్కువగా కనిపిస్తుంది, జాగ్రత్త. రెండోది నా అనుభవంలోది. నేను చేరినప్పుడు వాడిన డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరూ తెరవరు. కానీ ఒత్తిడి, వ్యాసార్థం, జాయింట్ ఎఫిషియెన్సీ చెక్కుచెదరలేదు. సాఫ్ట్‌వేర్ బటన్లు మాత్రమే నేర్చుకుని బయటికొచ్చినవాళ్ల తేడా కరుగుతుంది. లోపల జరిగే భౌతికశాస్త్రం పట్టుబడ్డవాళ్లది అంత తేలిగ్గా కరగదు. మావాడు ‘పిన్నీ, కార్లన్నీ ఎలక్ట్రిక్ అయిపోతే ఇంజిన్లతో పనేముంది?’ అన్నాడు. ఇంజిన్ పోతుంది, నిజమే. కానీ లిథియం బ్యాటరీ మన ఒంటికి హాయిగా ఉండే వేడికి అటూ ఇటూగా ఉంటేనే సరిగా పనిచేస్తుంది, ఎక్కువ వేడెక్కితే ఆయుష్షు తగ్గుతుంది, హద్దు దాటితే అంటుకుంటుంది. ఆ వేడిని బయటికి లాగే కూలింగ్ ప్లేటు, పంపు, రేడియేటరు డిజైన్ చేసేది ఎవరు? హీట్ ట్రాన్స్‌ఫర్ పేపరు కష్టపడి రాసినవాళ్లే.

ఆడపిల్లల తల్లిదండ్రుల కోసం ఒక్క సంగతి. నా మొదటి కంపెనీలో సైటుకి అమ్మాయిలు వద్దన్నారు, డెస్కు దగ్గరే ఉంచారు. నాతో చేరిన అబ్బాయిలు సైటులో ఎరక్షన్ (పాత్రను నిలబెట్టడం), హైడ్రోటెస్టు (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టే పరీక్ష) చూసి వచ్చి రెండో ప్రమోషన్ అందుకునే వేళకు నేను టైటిల్ బ్లాకులు, అంటే డ్రాయింగు మూల ఉండే పేర్ల పెట్టెలు, దిద్దుతున్నాను. జీతం తేడా మొదటి రోజు లేదు, అలా మెల్లగా వచ్చింది. కంపెనీ మారాకే నేను మొదటిసారి ఒక వెసెల్‌లో నీళ్లు నింపి ఒత్తిడి పెంచుతుంటే గేజి ముందు నిలబడ్డాను. కాబట్టి అమ్మాయిలు ఇంటర్వ్యూలో జీతం ఎంత అని అడిగే ముందు, షాపు ఫ్లోరుకీ సైటుకీ పంపుతారా అని అడగండి. పంపబోమంటే అక్కడ మీ 0.35 పెరగదు.

లెక్క అయ్యాక బావగారు, ‘అయితే చేర్చమంటావా, వద్దంటావా?’ అన్నారు. కాలేజీ ఫీజు మామూలు ఉద్యోగపు జీతంలో 20 నెలలు దాటకపోతే, దగ్గర్లో సెలవుల్లో పనిచేయడానికి వర్క్‌షాపులు ఉంటే, చేర్చండి అన్నాను. 40 నెలలు అడిగే కాలేజీ అయితే, ఎంత పేరున్నా, అప్పు చేసి మాత్రం వద్దన్నాను. ఈ 20, 40 ఎక్కడా రాసి లేవు, నా అంచనా. మా అక్క మాత్రం, వాడికి ఇష్టం కదా, అన్నీ లెక్కలేనా అంది. ఇష్టం ఉన్నవాడికే ఏటా తేడా పెరుగుతుంది కాబట్టి అది కూడా లెక్కలో భాగమే, కాదనను. కానీ ఇష్టాన్ని చూపించి ఎంత ఫీజయినా కట్టించే వ్యాపారం ఒకటుంది, దానికి మాత్రం లొంగకూడదు.

సంపాదకులను అడిగేది ఒక్కటి. అడ్మిషన్ల రోజుల్లో మీరు కాలేజీల పట్టికలు వేస్తారు, అందులో హైయెస్ట్ ప్యాకేజీ గడి ఒకటి పెద్దగా ఉంటుంది. దాన్ని తీసేసి, ఆ చోట చేరినవాళ్లలో నాలుగేళ్లకే పూర్తి చేసినవాళ్లెందరు, ఉద్యోగం రానివాళ్లతో కలిపి మధ్యస్థ జీతమెంత, మూడేళ్ల కిందట బయటికెళ్లిన బ్యాచ్ ఇప్పుడు ఎంత సంపాదిస్తోంది, మొత్తం ఫీజు ఆ మధ్యస్థ జీతంలో ఎన్ని నెలలు, ఇవి అడిగి వేయండి. మూడేళ్ల కిందటి బ్యాచ్ లెక్క కాలేజీల దగ్గర చాలావరకు ఉండదు, పూర్వ విద్యార్థుల సంఘాలను అడిగితే దొరుకుతుంది. జవాబివ్వని కాలేజీ పేరు పక్కన గడి ఖాళీగానే అచ్చు వేయండి, ప్రకటన ఇచ్చిన కాలేజీ అయినా సరే.

ఇట్లు,
ఒక ప్రెషర్ వెసెల్ డిజైన్ ఇంజనీరు, మీ పాఠకురాలు